చిన్న బడ్జెట్‌లో పోలీసు, ముఠా సినిమా: గోడౌన్ క్లైమాక్స్ తీసే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు కథ ఇదీ: ఒక ఇన్‌స్పెక్టర్, దొంగ సరుకు రవాణా చేసే ఒక పెద్ద ముఠా, ఆ ముఠాలోకి మారుపేరుతో వెళ్లిన ఒక కుర్ర పోలీసు. మీ చేతిలో ఉన్నది 20 రోజుల షూటింగ్‌కు సరిపడా డబ్బు. రాసుకున్నది ముప్పై లొకేషన్లు, ఒక కార్ల ఛేజ్, చివర్లో గోడౌన్‌లో యాభై మందితో కాల్పులు. డబ్బు లేదన్న సంగతి తెర మీద తెలియకుండా ఎలా తీయాలని అడిగారు.

నేను ఎడిటర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఎడిటింగ్ రూమ్‌లోనే ఉన్నాను, చేసినవాటిలో ఎక్కువ చిన్న సినిమాలే. డబ్బు ఎక్కడ తక్కువైందో షూటింగ్ స్పాట్‌లో కన్నా మా టేబుల్ దగ్గర బాగా తెలుస్తుంది. ఆ అనుభవంతో ముందు ఒక్క మాట చెబుతాను, తర్వాత రాసేదంతా దాని వివరమే. ముఠా ఎంత పెద్దదో చూపించాలంటే డబ్బు కావాలి. ఆ ముఠా పేరు చెబితే ఎవరు ఎలా భయపడుతున్నారో చూపించడానికి ఒక మంచి నటుడు, ఒక మూసిన తలుపు చాలు. జనానికి గుర్తుండిపోయేది ఆ భయమే.

ఒకసారి అచ్చం మీరు రాసుకున్నలాంటి క్లైమాక్స్ నా దగ్గరకు వచ్చింది. రెండు రాత్రులు కష్టపడి తీశారు. నలభై మంది ఉండాల్సిన చోట పద్నాలుగు మందే ఉన్నారు, వాళ్లకే చొక్కాలు మార్చి అటూ ఇటూ పరిగెత్తించారు. ఎంత వేగంగా కట్ చేసినా మొహాలు దొరికిపోతున్నాయి, చచ్చినవాడే మళ్లీ చస్తున్నాడు. దర్శకుడు, నేను రెండు వారాలు దాంతో కుస్తీ పట్టాం. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది అవసరం పడుతుందేమోనని తీసి పక్కన పెట్టిన ఒక షాట్. గోడౌన్ బయట జీపులో కానిస్టేబుల్ కూర్చుని వైర్‌లెస్ చేత్తో పట్టుకుని వింటుంటాడు, అంతే. నిమిషంన్నర షాట్. కాల్పులన్నీ ఆయన మొహం మీద వేశాం. దూరంగా గోడల అవతల పేలుళ్లు, వైర్‌లెస్‌లో తెగి తెగి వచ్చే మాటలు, ఆ తర్వాత ఒక్కసారిగా ఏమీ లేదు. ఆయన బటన్ నొక్కి ఒక పేరు పిలుస్తాడు. ఆ పిలుపు డబ్బింగ్‌లో కలిపాం. జవాబు రాదు. మళ్లీ నొక్కుతాడు. థియేటర్‌లో ఆ ముక్క వచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. రెండు రాత్రుల ఫుటేజీలో సినిమాలో మిగిలింది కొన్ని సెకన్లే.

మంచి విషయం ఏమిటంటే, ఇలాంటి ముఠాలు నిజంగా నడిచే పద్ధతే చిన్న సినిమాకు కలిసొస్తుంది. పెద్ద ముఠాలో పైనున్నవాడు దేన్నీ చేత్తో ముట్టుకోడు. ఆయన ఒక మాట అంటే అది ఇద్దరు ముగ్గురిని దాటుకుని కింద పనిచేసేవాడి దగ్గరకు చేరుతుంది. పట్టుబడేది ఆ కిందివాడే. ఈ చిక్కు విప్పడానికే అమెరికా 1970లో రికో చట్టం తెచ్చింది. ముఠా మొత్తాన్ని ఒక నేర సంస్థగా కోర్టులో నిలబెట్టి, ఆదేశం ఇచ్చినవాణ్ని కూడా బోనెక్కించే వీలు దాంతో వచ్చింది. కాబట్టి మీ విలన్ సినిమా మొత్తంలో రెండు సీన్లలోనే కనిపించినా తప్పేమీ లేదు, అది వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. పేరున్న నటుణ్ని రెండు రోజుల కాల్షీట్‌కు తెచ్చుకోవచ్చు కూడా. మిగతా సినిమా అంతా ఆయన పేరు ఎత్తకుండా, "ఆయన", "పెద్దాయన" అంటూ గొంతు తగ్గించే మనుషులతో నడపండి.

రెండో సంగతి, ముఠాలను కూల్చింది చాలాసార్లు తుపాకులు కావు, లెక్కల పుస్తకాలు. షికాగోను గడగడలాడించిన అల్ కపోన్‌కు 1931లో 11 ఏళ్ల జైలుశిక్ష పడింది ఆదాయపు పన్ను ఎగవేసినందుకు. ఆ కేసులో జూదశాల పద్దులు, ఆ పద్దులు రాసిన గుమస్తా సాక్ష్యం కీలకమయ్యాయి. ఇటలీలోని సిసిలీ దీవిలో జొవాన్నీ ఫాల్కొనే అనే న్యాయాధికారి బ్యాంకు చెక్కులు, ఖాతాలు తిరగేస్తూ మాఫియా డబ్బు దారి పట్టుకున్నాడు. 1986లో అక్కడి పలెర్మో నగరంలో మొదలైన మహా విచారణలో 475 మంది నిందితులు, వాళ్ల కోసం జైలు పక్కనే బంకర్‌లాంటి కోర్టు హాలు ప్రత్యేకంగా కట్టాల్సి వచ్చింది. 1992 మే నెలలో ఫాల్కొనే కారు వెళ్తున్న హైవే కింద బాంబు పేల్చి చంపేశారు. కాగితాలు చదివే మనిషిని చంపడానికి అంత పేలుడు కావాల్సి వచ్చిందంటే ఆ కాగితాల్లో ఎంత ప్రమాదం ఉందో చూడండి.

మీ కథలో అలా పద్దులు రాసే గుమస్తా లేడు. ఉండాలి. దొంగ డబ్బు మంచి డబ్బుగా మారడంలో మూడు అంచెలుంటాయి. ముందు నగదు ఏదో ఒక వ్యాపారం పేరుతో బ్యాంకులోకి వెళ్లాలి. తర్వాత జాడ తెలియకుండా చాలా ఖాతాలు తిరగాలి. చివరికి ఇల్లుగానో, భూమిగానో, వాటాగానో దర్జాగా బయటకు రావాలి. ఇందులో మొదటి అంచెకు ఒక చిన్న గది చాలు. రోజంతా నలుగురికి మించి కస్టమర్లు మెట్లెక్కని దుకాణం, సాయంత్రం అయ్యేసరికి గల్లా నిండా అమ్మకాలు. షట్టర్ సగం దించి గుమస్తా ఒక్కడే కూర్చుని, రాని కస్టమర్లకు ఒక్కొక్కటిగా బిల్లులు రాస్తుంటాడు. చేతిరాత ఒకేలా ఉండకూడదని రెండు పెన్నులు మారుస్తుంటాడు. ఎదురుగా రోడ్డవతల మీ ఇన్‌స్పెక్టర్ పొద్దుటి నుంచి లోపలికి ఎంతమంది వెళ్లారో నోట్‌బుక్‌లో గీతలు పెడుతూ ఉంటాడు. సాయంత్రం ఆ నోట్‌బుక్‌లో నాలుగు గీతలే. అక్కడ బిల్లుల కట్ట బెత్తెడు మందం. ఇద్దరు నటులు, ఒక దుకాణం, ఒకరోజు షూటింగ్. కార్ల ఛేజ్‌లో లేని టెన్షన్ ఇక్కడ వస్తుంది, ఎందుకంటే ఏ క్షణమైనా గుమస్తా తలెత్తి బయటకు చూడొచ్చు.

ఇక మారుపేరుతో వెళ్లిన పోలీసు. మీ సినిమాకు ప్రాణం ఇతనే, కానీ మీరు పంపిన సారాంశంలో అతను ఎక్కువసేపు ఫైట్లలోనే ఉన్నాడు. 1947లో ఆంథొనీ మాన్ తీసిన టీ-మెన్ అనే చిన్న సినిమా వెతికి చూడండి. దొంగనోట్ల ముఠాలోకి వెళ్లిన ఇద్దరు ప్రభుత్వ ఏజెంట్ల కథ. అందులో రెండు సీన్లు నేను నా అసిస్టెంట్లందరికీ చూపిస్తాను. ఒకటి మార్కెట్‌లో. ఏజెంట్ ముఠా మనిషితో వెళ్తుంటే అతని భార్య, ఆమె స్నేహితురాలు ఎదురవుతారు. స్నేహితురాలు గుర్తుపట్టి పలకరిస్తుంది. భర్త ఎవరో తెలియనట్టు నిలబడతాడు. భార్యకు క్షణంలో అర్థమై, ఈయన మా ఆయన కాదని చెప్పేస్తుంది. సొంత భర్తను కాదనడానికి ఆమెకు పట్టిన ఆ ఒక్క క్షణం మీదే సీన్ మొత్తం నిలబడింది. రెండోది అతని చావు. ముఠా మనిషి అతన్ని కాల్చి చంపుతుంటే తోటి ఏజెంట్ అదే గదిలో ఉండి చూస్తూ ఊరుకోవాలి. కదిలితే ఇద్దరూ పోతారు, కేసూ పోతుంది. చచ్చేవాడి మీద కన్నా చూస్తున్నవాడి మొహం మీద మన కళ్లు ఆగిపోతాయి. ఈ రెండు సీన్లకు ఖర్చు ఏముంది చెప్పండి?

అలాంటి పోలీసు నిజంగా మోసే బరువు ఇంకొకటి ఉంది. ఎఫ్‌బీఐ ఏజెంట్ జోసెఫ్ పిస్టోన్ 1976 నుంచి 1981 దాకా నగల దొంగగా నటిస్తూ న్యూయార్క్ మాఫియాలో మసిలాడు. ముఠాలో ఒక కట్టుబాటు ఉంటుంది: కొత్తవాడికి ఎవరు పూచీ పడితే, వాడు తప్పుచేస్తే పూచీ పడినవాడే బాధ్యుడు. పిస్టోన్ పోలీసని బయటపడ్డాక ఆయన్ను నమ్మి దగ్గరకు తీసిన ముఠా నాయకుణ్ని సొంత ముఠాయే చంపేసింది. మీ స్క్రిప్ట్‌లో కుర్ర పోలీసును ముఠాలోకి తీసుకెళ్లే డ్రైవర్ పాత్ర ఒకటి ఉంది, రెండు సీన్ల తర్వాత కనిపించకుండా పోతాడు. అతన్ని వదిలేయకండి. ఆ డ్రైవరే "వీడు మనవాడే, నాదీ పూచీ" అని చెప్పాలి. సినిమా సాగేకొద్దీ పోలీసు ఎంత బాగా తన పని చేస్తే ఆ డ్రైవర్ అంత చావుకు దగ్గరవుతాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు, పోలీసుకూ తెలుసు, పాపం డ్రైవర్‌కు తెలియదు. ఒక రాత్రి అతను తన కొడుకు పరీక్షల గురించి మాట్లాడుతూ కారు నడుపుతుంటే వెనక సీట్లో మీ హీరో ఏమీ మాట్లాడలేక కూర్చుంటాడు. ఆగి ఉన్న కారులో, బయట ఒక మనిషి లైటు అటూ ఇటూ తిప్పుతుంటే కూడా తీయొచ్చు ఆ సీన్. మీ సినిమా మొత్తంలో డబ్బు పెట్టకపోయినా శ్రద్ధ పెట్టాల్సిన చోటు అదే.

పోలీసు వైపు కూడా హడావుడి తగ్గించండి. దర్యాప్తులో ఎక్కువ భాగం ఎదురుచూడటం, వినడం, రాసుకోవడం. పట్టుకున్న సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ టైమ్‌కు వెళ్లిందో ప్రతిసారీ సంతకం పెట్టాలి. మధ్యలో ఒక్క సంతకం లేకపోతే కోర్టులో డిఫెన్స్ లాయర్ అక్కడే పట్టుకుంటాడు. ముఠాకు అమ్ముడుపోయిన పోలీసు ఎవరో చెప్పడానికి మీరు నాలుగు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ రాసుకున్నారు. దాని బదులు ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తిరగేస్తూ ఒక ఖాళీ గడి దగ్గర వేలు ఆపితే చాలు. స్టేషన్ సెట్ గురించి కూడా బెంగ వద్దు. 2018లో డెన్మార్క్ నుంచి వచ్చిన ది గిల్టీ మొత్తం ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునే పోలీసు ఆఫీసులోనే నడుస్తుంది, కిడ్నాప్ అంతా ఫోన్‌లోనే వింటాం. మీకు కావాల్సింది ఒక మూల, ఒక టేబుల్, గోడ అవతల మోగుతున్న ఫోన్లు, ఎవరో ఎవరినో కసురుకుంటున్న గొంతు. మిగతా స్టేషన్‌ను ప్రేక్షకుడు చెవులతోనే ఊహించుకుంటాడు.

లొకేషన్ల సంగతికి వస్తే ముప్పై అసాధ్యం. రోజుకు రెండు షిఫ్టింగ్‌లు పెట్టుకుంటే సామాను దించి ఎక్కించడంలోనే సగం రోజు పోతుంది, నటులకు మిగిలేది రెండు టేకులు. పన్నెండుకు తగ్గించండి. ఒకే పాత భవనంలో పై అంతస్తు ముఠా ఆఫీసు, కింద గది విచారణ గది, వెనక మెట్లు హత్య జరిగే చోటు కావచ్చు, కిటికీలు ఒకే ఫ్రేమ్‌లో పడకుండా చూసుకుంటే ఎవరూ కనిపెట్టరు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ఫాలోయింగ్ (1998) దాదాపు 6,000 డాలర్లతో అయింది. యూనిట్‌లో అందరికీ ఉద్యోగాలు ఉండటంతో శనివారాలు మాత్రమే తీస్తూ ఏడాది పాటు లాగారు. ఫిల్మ్ వృథా కాకూడదని నాటకంలా ముందే రిహార్సల్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. రాబర్ట్ రోడ్రిగెజ్ ఎల్ మరియాచి (1992) సుమారు 7,000 డాలర్ల సినిమా, ట్రాలీ లేక చక్రాల కుర్చీలో కూర్చుని కెమెరా పట్టుకున్నాడు. ఈ కథలు వినగానే "ఏమీ లేకుండా తీసేయొచ్చు" అని చాలామంది బయల్దేరతారు. నాకు మాత్రం వీటిలో కనిపించేది ముందస్తు తయారీ. రిహార్సల్‌కు రోజులు పెట్టండి, దానికి కెమెరా అద్దె లేదు.

కార్ల ఛేజ్ తీసేయండి. దాని చోట కాలినడకన వెంబడించడం పెట్టండి. ముగ్గురు పోలీసులు ఒక మనిషిని వెంబడించే పద్ధతి చూడ్డానికే చాలా బాగుంటుంది. ఒకడు అతని వెనక, రెండోవాడు ఆ మొదటివాడి వెనక, మూడోవాడు రోడ్డుకు అవతలి పక్క. మనిషి మలుపు తిరగగానే వెనకున్నవాడు తిరగకుండా నేరుగా వెళ్లిపోతాడు, అవతలి పక్కవాడు ఆ చోటు అందుకుంటాడు. అందువల్ల వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ కొత్త మొహమే. ఈ మార్పిడిని ఒక్క లాంగ్ షాట్‌లో పై నుంచి చూపించండి, తర్వాత కిందకు దిగి అతని భుజం మీద నుంచి చూపించండి. ఆ ముగ్గురిలో ఒకడు ముఠాకు అమ్ముడుపోయినవాడైతే ఏమవుతుందో మీరే రాసుకోగలరు.

రాత్రి సీన్ల గురించి ఒక హెచ్చరిక. ఇప్పటి కెమెరాలు చీకట్లో కూడా అన్నీ చూస్తాయి కదా అని లైట్లు లేకుండా తీస్తున్నారు. చీకటి బూడిద రంగులోకి తిరిగి, గోడ మీది సున్నం పెచ్చులతో సహా కనిపిస్తాయి. డీఐలో, అంటే రంగులు సరిచేసే దశలో, దాన్ని నల్లగా నొక్కితే మొహాలూ పోతాయి. టీ-మెన్‌కు లైటింగ్ చేసిన జాన్ ఆల్టన్ ఒకటి రెండు లైట్లతోనే ఫ్రేమ్‌లో సగాన్ని కావాలని నలుపులో వదిలేసేవాడు. సెట్ లేని చోట నీడ ఉండేది. మీరూ అదే చేయండి. ఒక పక్క నుంచి ఒక్క లైటు, రెండో పక్క వదిలేయండి, రోడ్డు సీనైతే నేల తడపండి. ఆ తడి మీద పడే మెరుపే సగం ఫ్రేమ్ నింపుతుంది.

తుపాకుల విషయంలో నేను మొండిగానే చెబుతాను. సెట్ మీదకు నిజమైన తుపాకీ రానివ్వకండి, ఖాళీ తూటాలతో కూడా వద్దు. 1993లో ది క్రో షూటింగ్‌లో నటుడు బ్రాండన్ లీ, 2021లో రస్ట్ షూటింగ్‌లో సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ సెట్ మీది నిజమైన తుపాకీ వల్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. రబ్బరు తుపాకీ, సీజీలో (కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో) మంట, మంచి సౌండ్ సరిపోతాయి. యూనిఫామ్‌లతో, డమ్మీ తుపాకులతో బయట తీస్తున్నప్పుడు ఆ ప్రాంతపు పోలీసులకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోండి.

సౌండ్‌కు మీరు బడ్జెట్‌లో చివరి గడి కేటాయించారు, దాన్ని పైకి తెండి. బొమ్మ కాస్త గరుకుగా ఉంటే క్రైమ్ సినిమాలో అందమే. సౌండ్ బాగా లేకపోతే మాత్రం రెండో నిమిషానికే చవకగా అనిపిస్తుంది. ప్రతి లొకేషన్‌లో ప్యాకప్ చెప్పే ముందు అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది శబ్దం రికార్డ్ చేయించండి. ఆ నిమిషం లేక నేను ఎన్ని డైలాగ్ సీన్లలో అతుకులు దాచుకోలేక అవస్థ పడ్డానో లెక్కలేదు. ఇంకో సంగతి, తుపాకీ పేలినప్పుడు చాలా చిన్న సినిమాలు శబ్దాన్ని పెంచేస్తాయి. పేలడానికి ముందు రెండు సెకన్లు అన్నీ తగ్గించి చూడండి. ఫ్యాన్ శబ్దం కూడా వద్దు. పేలాక చెవిలో గింగురుమనే శబ్దంతో పాటు కింద ఎక్కడో ఒక కుక్క మొరగడం పెడితే ఆ తూటా గది దాటి బయటి ప్రపంచానికి వినిపించిందని తెలుస్తుంది. ఆర్‌ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతం కలిపేటప్పుడు, అక్కడ మ్యూజిక్ పెట్టనివ్వకండి.

డైలాగుల విషయంలో ఒక్కటే. మీ ముఠా మనుషులు అందరూ బెదిరిస్తున్నారు. బలమున్నవాడికి బెదిరించే అవసరం రాదు. గుమస్తా దగ్గరకు వచ్చిన మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని, "బాబును స్కూల్ మార్పించారటగా? కొత్త స్కూల్ బానే ఉందా?" అని ఆప్యాయంగా అడిగి వెళ్లిపోతే చాలు. గుమస్తా ఆ సంగతి ఎవరికీ చెప్పి ఉండడు.

ఇప్పుడు మీ గోడౌన్. 1992లో వచ్చిన రిజర్వాయర్ డాగ్స్‌లో నగల దోపిడీ అసలు చూపించరు. దోపిడీ చెడిపోయాక గోడౌన్‌కు చేరినవాళ్ల మధ్య ద్రోహి ఎవరన్న అనుమానంతోనే సినిమా నడుస్తుంది. మీరు అదే తీయమని కాదు, యాభై మందిని బయట పెట్టమంటున్నాను. లోపల నలుగురే: కుర్ర పోలీసు, డ్రైవర్, పెద్దాయన తరఫున వచ్చిన మనిషి, బిల్లుల పుస్తకంతో గుమస్తా. బయట వాహనాలు ఆగుతాయి. రేకుల సందుల్లోంచి హెడ్‌లైట్ల వెలుగు చారలు చారలుగా లోపలికి పడుతుంది. దానికి రెండు లైట్లు, వాటిని మోసే ఇద్దరు మనుషులు చాలు. వచ్చింది పోలీసులో ముఠావాళ్లో లోపలున్న ఎవరికీ తెలియదు. తలుపులు తెరుచుకునే శబ్దాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అప్పుడు పెద్దాయన మనిషి తుపాకీ తీసి కుర్ర పోలీసు చేతిలో పెట్టి, డ్రైవర్ వైపు చూపిస్తాడు.

ఆ ఒక్క సీన్ ముందు రాయండి, నాలుగు పేజీలు దాటకుండా. నటులను కూర్చోబెట్టి లైట్లు ఆర్పేసి చదివించండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. బొమ్మ లేకుండా వింటున్నప్పుడు ఎక్కడ పట్టు సడలుతుందో అక్కడ గుర్తు పెట్టి పంపితే నేను చూసి చెబుతాను.